డిక్కీ మీద తోక పెట్టే ముందు

కారు కొన్న కొత్తలో సీటు కవర్లు, ఫ్లోర్ మ్యాట్లు. ఆ తర్వాత డ్యాష్‌బోర్డు మీద చిన్న వినాయకుడు. మూడో నెల వచ్చేసరికి మన కుర్రాళ్ళ చూపు వెనక్కి మళ్లుతుంది. డిక్కీ మరీ బోసిగా ఉన్నట్టు అనిపిస్తుంది. రాత్రిపూట ఫోన్‌లో నాలుగు రీల్స్ చూస్తే ఆ బోసితనానికి మందేమిటో తెలిసిపోతుంది. స్పాయిలర్!

ఆర్డర్ పెడతారు. పొడవాటి అట్టపెట్టె వస్తుంది. లోపల నల్లటి ప్లాస్టిక్ ముక్క, దాని అడుగున అంటించి ఉన్న టేపు, ఓ చిన్న కవర్లో నాలుగు స్క్రూలు. ఎలా బిగించాలో చెప్పే కాగితం మాత్రం చాలాసార్లు ఉండదు. అసలు డౌటు అక్కడ మొదలవుతుంది. టేపు సరిపోతుందా, డ్రిల్లు కొట్టాలా?

జవాబు ముందే చెప్పేస్తా. డిక్కీ అంచుకి అతుక్కుని ఉండే చిన్న లిప్ స్పాయిలర్ అయితే టేపు చాలు. ఇంట్లోనే పెట్టుకోవచ్చు. కాకపోతే పని రెండు గంటలు, ఎదురుచూపు మూడు రోజులు. పని అయిపోయింది కదా అని అదే సాయంత్రం హైవే ఎక్కేవాళ్ళ గురించే నా బెంగంతా.

ఎందుకంటే అది ఊడితే పోయేది మీ ప్లాస్టిక్ ముక్క ఒక్కటే కాదు. వంద స్పీడులో ఎగిరిన ఆ ముక్క వెనకాల బైకు మీద వచ్చేవాడి మెడకో, హెల్మెట్ అద్దానికో తగులుతుంది. అతను తప్పించుకోవడానికి ఒక్క క్షణం కూడా ఉండదు. మీరు పాటలు వింటూ ముందుకెళ్లిపోతారు. టోల్ గేటు దగ్గర దిగి చూసుకుంటే గానీ స్పాయిలర్ లేదని తెలియదు. వెనక ఏమైందో అసలే తెలియదు.

ఇంతకీ అది చేసే పనేంటి?

స్పాయిల్ అంటే చెడగొట్టడం. కారు పైనుంచి జారి వెనక్కొచ్చే గాలి దారిని కావాలనే చెడగొడుతుంది కాబట్టి దానికా పేరు. స్పీడు మీద ఉన్నప్పుడు గాలి కారు వెనక భాగాన్ని కాస్త పైకి లేపాలని చూస్తుంది. ఆ లేపడాన్ని తగ్గించడం స్పాయిలర్ డ్యూటీ. అలా కాకుండా రెండు కాళ్ళ మీద ఎత్తుగా నిలబడి, పైనుంచీ కిందనుంచీ గాలి పోయేది వింగ్. అది విమానం రెక్కని తిరగేసి పెట్టినట్టు పనిచేస్తుంది. కారుని కిందికి నొక్కుతుంది. మన షాపుల్లో రెండింటినీ స్పాయిలర్ అనే పిలుస్తారు. పిలవడం వరకు ఫర్వాలేదు గానీ, బిగించేటప్పుడు మాత్రం ఈ తేడా గుర్తుండాలి. దాని సంగతి తర్వాత చెప్తా.

వెనక స్పాయిలర్‌ని మొదట పెట్టించిన ఘనత రిచీ గింథర్ అనే అమెరికన్ డ్రైవర్‌కి ఇస్తారు. 1961లో ఫెరారీ 246 ఎస్‌పీ రేసు కారు మీద అది కనిపించింది. 1972లో పోర్షా 911 కరేరా ఆర్‌ఎస్ 2.7 మీద బాతు తోకలాంటి స్పాయిలర్ వచ్చింది. ఇప్పటికీ కుర్రాళ్ళు కొనే 'డక్‌టెయిల్' అంటే దాని సంతతే. ఇక ఆడి టీటీ కథ మరీ ఆసక్తికరం. గుండ్రటి వీపుతో, స్పాయిలర్ లేకుండా చాలా అందంగా వచ్చింది ఆ కారు. జర్మనీ ఆటోబాన్ల మీద విపరీతమైన స్పీడులో లేన్ మారబోయి కొన్ని కార్లు అదుపు తప్పాయి. ప్రాణాలు పోయాయి. దాంతో కంపెనీ కార్లను వెనక్కి పిలిచి డిక్కీ మీద చిన్న స్పాయిలర్ పెట్టింది, స్టెబిలిటీ కంట్రోల్ ఇచ్చింది, సస్పెన్షన్ మార్చింది.

అంటే స్పాయిలర్‌కి నిజంగా పని ఉంది. కానీ ఎంత స్పీడులో? గాలి బలం స్పీడుతో సమానంగా పెరగదు, స్పీడు వర్గంతో పెరుగుతుంది. 40లో ఉన్న బలం 120కి వెళ్తే మూడింతలు కాదు, తొమ్మిదింతలవుతుంది. తిరగేసి చెప్పుకుంటే, అమీర్‌పేట ట్రాఫిక్‌లోనో, బెంజి సర్కిల్ దగ్గరో మీరు పోయే 30, 40 స్పీడులో స్పాయిలర్ ఉన్నా లేకున్నా కారుకి తెలియను కూడా తెలియదు. పైగా మన హ్యాచ్‌బ్యాకులు, చిన్న సెడాన్లు దాదాపు అన్నీ ముందు చక్రాలతో లాగేవి. వెనక భాగాన్ని నొక్కినంత మాత్రాన లాగే బలం పెరగదు. షాపువాడు "పికప్ పెరుగుద్ది అన్నా" అంటే నవ్వి ఊరుకోండి.

అందం కోసమే అయితే మాత్రం తప్పేముంది? జుట్టుకి జెల్ రాసుకుంటే పరుగు పెరుగుతుందా? అయినా రాసుకుంటాం కదా!

కొనేటప్పుడు

మూడు రకాలు దొరుకుతాయి. ఏబీఎస్ ప్లాస్టిక్‌వి అచ్చులో పోసినవి, తేలిగ్గా ఉంటాయి. మీ మోడల్‌కే చేసినదైతే అంచులు చక్కగా కూర్చుంటాయి. ఇంట్లో పెట్టుకునేవాళ్ళకి నా ఓటు దీనికే. రెండోది ఫైబర్. చేత్తో చేసేది కాబట్టి ఒకటి కూర్చున్నట్టు ఇంకోటి కూర్చోదు, అంచులు రుద్దాలి, పుట్టీ పెట్టాలి, బరువు కూడా ఎక్కువ. మూడోది పాలీయురెథేన్. రబ్బరులా వంగుతుంది, చిన్న దెబ్బలకి పగలదు. ఇక తక్కువ ధరకి 'కార్బన్ ఫైబర్' అని అమ్మేవి చాలావరకు ప్లాస్టిక్ మీద కార్బన్ డిజైన్ వేసినవే. అలాగని తెలిసి కొనుక్కుంటే గొడవే లేదు.

'యూనివర్సల్' అని రాసి ఉన్నది కొనొద్దు. ప్రతి డిక్కీకీ ఒక వంపు ఉంటుంది. వంపు కలవని ముక్కని టేపుతో బలవంతంగా వంచి అంటిస్తే, అది ఇరవై నాలుగ్గంటలూ తిరిగి నిటారుగా అవ్వాలనే చూస్తుంది. టేపు మీద ఆ లాగుడు ఆగదు. ఏదో ఒక మే నెల మధ్యాహ్నం మూల లేస్తుంది. అందుకే పెట్టె విప్పగానే టేపు కాగితం తీయకుండానే స్పాయిలర్‌ని డిక్కీ మీద పెట్టి చూడండి. మధ్యలో నొక్కితే మూలలు లేస్తున్నాయా? చేతులతో నొక్కి పట్టుకుంటే తప్ప అంచు ఆనడం లేదా? అయితే రిటర్న్ పెట్టేయండి, మొహమాటం వద్దు.

రంగు సంగతి. కారు రంగే కావాలంటే కలర్ కోడ్ చూసి వేయించాలి, అదీ అంటించక ముందే. ప్లాస్టిక్‌కి ప్రత్యేకమైన ప్రైమర్ ఉంటుంది, అది లేకుండా కొట్టిన పెయింటు పెచ్చులుగా ఊడుతుంది. పెర్ల్ వైట్ లాంటి రంగుల్ని కచ్చితంగా కలపడం మంచి పెయింటర్లకే కష్టం. తెల్ల చొక్కా మీద వేరే తెలుపు అతుకు వేసినట్టు ఉంటుంది. గ్లాస్ బ్లాక్ తీసుకుంటే ఈ తలనొప్పి లేదు, దాదాపు ఏ కారుకైనా నప్పుతుంది.

సెకండ్ హ్యాండ్ కారైతే ఇంకో పరీక్ష ఉంది. డిక్కీకి ఎప్పుడైనా దెబ్బ తగిలి పుట్టీ పెట్టి మళ్లీ పెయింట్ వేశారేమో చూడండి. చిన్న అయస్కాంతాన్ని పల్చటి బట్టలో చుట్టి రేకు మీద జరపండి. పుట్టీ మందంగా ఉన్నచోట అది పట్టు వదిలేస్తుంది. (డిక్కీ డోరే ప్లాస్టిక్‌దైతే ఈ పరీక్ష పనికిరాదు.) టేపు ఎంత గట్టిదైనా అది పట్టుకునేది పెయింట్‌నే. కింద పెయింటే పెచ్చులూడేదైతే స్పాయిలర్‌తో పాటు అదీ వచ్చేస్తుంది.

రెండు గంటల పని

టేపు గురించి రాజీ పడొద్దు. స్టేషనరీ షాపులో దొరికే తెల్ల స్పాంజి టేపు గోడ మీద ఫొటో నిలబెట్టడానికి. కార్లకి వాడేది యాక్రిలిక్ ఫోమ్ టేపు. 3ఎం కంపెనీ వీహెచ్‌బీ అందులో బాగా తెలిసిన పేరు. స్పాయిలర్‌తో వచ్చిన టేపు ఏ కంపెనీదో తెలియకపోతే దాన్ని పూర్తిగా పీకేసి, సుమారు ఒక మిల్లీమీటరు మందం ఉన్న మంచి టేపు వేయండి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో గానీ, విజయవాడ ఆటోనగర్‌లో గానీ నమ్మకమైన షాపు చూసుకుని కొనండి. ఒకే గీతలా కాకుండా పై అంచున ఒకటి, కింది అంచున ఒకటి, మూలల్లో అడ్డంగా ముక్కలు వేయాలి. నీళ్ళు లోపల చేరి నిలిచిపోకుండా కింది వరుసలో ఒకటి రెండు చోట్ల చిన్న సందు వదలండి.

ఇప్పుడు శుభ్రం చేయడం. ఇక్కడే తొంభై శాతం మంది తొందరపడతారని నా అనుమానం. ముందు షాంపూతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అదే మొబైల్ రిపేర్ వాళ్ళు ఐపీఏ అంటారే, దాన్ని సగానికి సగం నీళ్ళతో కలిపి శుభ్రమైన మెత్తటి గుడ్డతో తుడవాలి. ఒకసారి కాదు, గుడ్డ మార్చి రెండోసారి. శానిటైజర్ ఉంది కదా అని అది రాయకండి. చేతులు పొడిబారకుండా చాలా శానిటైజర్లలో గ్లిజరిన్ కలుపుతారు, అది జిడ్డు పొరలా మిగిలిపోతుంది. పెట్రోలు, థిన్నరు అసలే వద్దు. ఒకటి జిడ్డు వదుల్తుంది, ఇంకోటి పెయింట్‌ని తినేస్తుంది. కారుకి వ్యాక్స్ గానీ, సిరామిక్ కోటింగ్ గానీ చేయించి ఉంటే వాటి పనే ఏదీ అంటుకోకుండా చూడటం. టేపు కూడా అంటుకోదు. ఆ పట్టీ మేర కోటింగ్ తీయించాలి, లేదంటే ఈ ఆలోచన మానుకోవాలి.

ఎప్పుడు అంటించాలి? ఇలాంటి టేపుకి ఇష్టమైన వేడి 21 నుంచి 38 డిగ్రీల మధ్య. అది గాలి వేడి కాదు, రేకు వేడి. రోహిణి కార్తె ఎండలో నిలబెట్టిన నల్ల కారు డిక్కీ మీద చెయ్యి కూడా పెట్టలేం, టేపు సంగతి చెప్పాలా! అలాగని ఆదిలాబాద్‌లో డిసెంబరు తెల్లవారుజామున అంటిస్తే చలికి టేపు బిగుసుకుని పట్టు దొరకదు. ఎండాకాలమైతే నీడలో ఉదయాన్నే, చలికాలమైతే పదకొండు దాటాక. వానాకాలంలో రేకు మీద కంటికి కనిపించని తడి ఉంటుంది, పైన కప్పున్న చోటు లేకపోతే ఆ రోజు వాయిదా వేయండి.

కొలతలకి ఓ నూలు దారం, మాస్కింగ్ టేపు, ఓ మనిషి సాయం కావాలి. మనిషి ముఖ్యం. తమ్ముడినో, పక్కింటి ఫ్రెండ్‌నో పిలవండి. స్పాయిలర్‌ని పెట్టి రెండు చివరల నుంచి టెయిల్ లైట్ల అంచుల దాకా ఎంతుందో కొలవండి. రెండు వైపులా సమానంగా వచ్చాక మాస్కింగ్ టేపుతో చుట్టూ గుర్తులు వేయండి. పది అడుగులు వెనక్కెళ్లి చూడండి. దగ్గర్నుంచి సరిగ్గా ఉన్నట్టు కనిపించేది దూరం నుంచి వంకరగా కనిపిస్తుంది. డిక్కీ తెరిచి, మూసి కూడా చూడండి. హ్యాచ్‌బ్యాక్ రూఫ్ స్పాయిలర్ అయితే తెరిచినప్పుడు కారు కప్పుకి తగలకూడదు. వైపరు, నీళ్ళు చిమ్మే నాజిల్, వెనక కెమెరా, పైన ఉండే మూడో బ్రేక్ లైటు, ఏదీ కప్పబడకూడదు.

అంటించేటప్పుడు టేపు మీది కాగితం మొత్తం ఒకేసారి లాగేయకండి. ఈ టేపు ఒకసారి పట్టుకుంటే మళ్లీ సర్దుకోనివ్వదు. ప్రతి పట్టీకి చివర రెండంగుళాలు మాత్రమే ఊడదీసి, ఆ కాగితం తోకల్ని మడిచి బయటికి కనిపించేలా పెట్టండి. స్పాయిలర్‌ని గుర్తుల మధ్య పెట్టి, చివరలు మాత్రం నొక్కండి. మళ్లీ ఒకసారి చూసుకుని, ఒకరు స్పాయిలర్‌ని పట్టుకుంటే ఇంకొకరు ఆ తోకల్ని మెల్లగా లాగాలి. కాగితం వస్తూ ఉంటే వెనకే నొక్కుకుంటూ పోవాలి. ఆ తర్వాత ఈ చివర నుంచి ఆ చివరి దాకా, జానెడు జానెడు చొప్పున, అరచేతితో బరువంతా వేసి పదిహేనేసి సెకన్లు నొక్కండి. అలాగని పల్చటి డిక్కీ రేకు మధ్యలో మోకాలు పెట్టకండి, సొట్ట పడుతుంది. చివరగా మాస్కింగ్ టేపు అడ్డంగా నాలుగైదు చోట్ల వేసి ఒక రోజు ఉంచండి.

ఇప్పుడు ఎదురుచూపు. మామూలు గది వేడిలో ఈ టేపు ఇరవై నిమిషాలకి తన పూర్తి బలంలో సగం, 24 గంటలకి తొంభై శాతం, 72 గంటలకి మొత్తం పట్టు సాధిస్తుంది. చలిలో ఇంకా ఆలస్యమవుతుంది. కాబట్టి శుక్రవారం అంటించి శనివారం శ్రీశైలం బయల్దేరడం కుదరదు. తిరిగొచ్చాక అంటించండి. మూడు రోజులు కారు కడగకండి, డిక్కీని స్పాయిలర్ పట్టుకుని మూయకండి. ఆ రెండో అలవాటు అసలు ఎప్పటికీ వద్దు. ఇంట్లో అందరికీ చెప్పండి, ముఖ్యంగా కూరగాయల సంచీలు పెట్టే నాన్నకి.

డ్రిల్లు సంగతి

కాళ్ళ మీద ఎత్తుగా నిలబడే వింగ్ అయితే టేపుని నమ్ముకోకూడదు. గాలి దాన్ని ఊపుతూనే ఉంటుంది, బోల్టులే కావాలి. బోల్టు అంటే రేకుకి కన్నం. నా మాట వింటే ఆ పని ఇంట్లో పెట్టుకోకండి, మంచి బాడీ షాపులో చేయించండి. అయినా వాళ్ళు ఏం చేయాలో మీకు తెలిసి ఉండాలి.

డిక్కీ లోపలి అట్ట తీసి వెనకాల వైర్లు, నీళ్ళ పైపు ఎక్కడున్నాయో చూడాలి. డ్రిల్ బిట్‌కి టేపు చుట్టి అంతకు మించి లోపలికి దిగకుండా చేయాలి. ముందు సన్న కన్నం, తర్వాత అసలు సైజు. ఇనుప రజను ఒక్క రేణువు మిగలకుండా తీయాలి, మిగిలితే ఆ రజనే తుప్పు పట్టి మరకలు కడుతుంది. కన్నం అంచుకి ప్రైమరు, టచప్ పెయింటు పెట్టి ఆరాకే రబ్బరు వాషరుతో బోల్టు. పైన సిలికాన్ సీలెంటు. అది కూడా న్యూట్రల్ రకం కావాలి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్‌లో ఆమ్లం వదులుతుంది, అది రేకుని తినే రకం. ఇవేవీ చేయకుండా టక్కున డ్రిల్లు కొట్టి బిగిస్తే మొదటి వానకి డిక్కీలో స్టెప్నీ గుంతలో నీళ్ళు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం గాలి తగిలే ఊళ్ళలో ఆ కన్నం చుట్టూ తుప్పు ఇంకా తొందరగా మొదలవుతుంది. కారు నాన్న పేరు మీద, ఈఎంఐ నాన్న జీతంలోంచి పోతూ ఉంటే, డ్రిల్లు తీసే ముందు ఆయన్ని ఒక మాట అడగడం న్యాయం.

హ్యాచ్‌బ్యాకులకి ఇంకో తిప్పలుంది. వెనక డోర్‌ని పైన నిలబెట్టేవి గ్యాస్ రాడ్లు. వాటిని అసలు డోర్ బరువుకి లెక్కగట్టి పెడతారు. బరువైన ఫైబర్ స్పాయిలర్ పెడితే, రాడ్లు పాతబడ్డాక డోర్ పైన ఆగకుండా నెత్తి మీదికి దిగుతుంది.

చట్టం కూడా చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిని ఇష్టమొచ్చినట్టు మార్చనివ్వదు. తయారీ కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన ఓనరుకి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. చాలా మోడళ్ళకి కంపెనీలే యాక్సెసరీగా స్పాయిలర్లు అమ్ముతున్నాయి. మీ మోడల్‌కి అలాంటిది ఉంటే, నాలుగు డబ్బులు ఎక్కువైనా అదే మేలని నా అభిప్రాయం. కారు వెడల్పు దాటి పక్కలకి పొడుచుకొచ్చే వింగులు, బ్రేక్ లైట్‌ని కప్పేవి, రంగురంగుల ఎల్‌ఈడీలు మిణుకుమనేవి మాత్రం ఏ రకంగానూ సమర్థించలేను. ఎల్‌ఈడీ ఉన్నదాని కోసం బ్రేక్ లైట్ వైరు కత్తిరిస్తే ఆ కరెంటు పనికి వారంటీ అడిగే మొహం కూడా ఉండదు. ఇన్సూరెన్స్ కంపెనీకి మాత్రం ఏది పెట్టినా ముందే తెలియజేయండి.

బిగించిన తర్వాత నెలకోసారి, కడిగేటప్పుడు, గోరుతో మూలలు తడిమి చూడండి. స్పీడులో వెనక నుంచి కొత్తగా ఈల లాంటి శబ్దం వస్తుంటే పక్కకి ఆపి చూడాల్సిందే. మూల లేచిందా, ఆ సందులో ఫెవిక్విక్ పోసి నొక్కేయకండి. అది గట్టిపడ్డాక పెళుసుగా ఉంటుంది, ఊపుకి పగులుతుంది, పెయింట్ మీద తెల్ల మచ్చ కూడా వదులుతుంది. పూర్తిగా తీసి, శుభ్రం చేసి, కొత్త టేపుతో మొదటి నుంచి అంటించడమే. అప్పటిదాకా స్పాయిలర్ డిక్కీ లోపల ఉండాలి, పైన కాదు.

తీయడం ఎలాగంటారా? స్క్రూడ్రైవర్‌తో తవ్వొద్దు. హెయిర్ డ్రయ్యర్‌తో అంచు వెంబడి మెల్లగా వేడి చేసి, చేపల గాలానికి కట్టే నైలాన్ దారాన్ని స్పాయిలర్ కింద దూర్చి, రెండు చేతులా రంపంలా లాగండి. ఫోమ్ మధ్యకి తెగిపోతుంది. రేకు మీద మిగిలినదాన్ని బొటనవేలితో ఉండలు చేస్తూ రుద్దితే వచ్చేస్తుంది, చివరి జిడ్డు ఐపీఏతో పోతుంది. కానీ రెండు మూడేళ్ళు పెట్టి తీస్తే, దాని కింద ఎండ తగలని పెయింట్ ఒక ఛాయ ముదురుగా కనిపించొచ్చు, ఎర్ర కార్లకి మరీను. కారు అమ్మేటప్పుడు కొనేవాడు ముందు ఆ గీతనే అడుగుతాడు, "ఇక్కడేం తగిలింది బ్రదర్?" అని. అప్పుడు చూపించడానికి స్పాయిలర్‌తో దిగిన ఫొటో ఒకటి ఫోన్‌లో ఉంచుకోండి.